సర్వర్ బూట్ డిస్క్: ఎంబీఆర్ నుంచి జీపీటీకి ఎలా మార్చాలి? ఎప్పుడు మార్చకపోవడమే మంచిది?

ఒక్కోటి 1 టెరాబైట్ సామర్థ్యం ఉన్న నాలుగు డిస్కులను రెయిడ్-5లో పెడితే వాడుకోవడానికి 3 టెరాబైట్ల స్థలం వస్తుంది. ఒక డిస్కుకు సమానమైన స్థలం పారిటీకి పోతుంది. కానీ పాత పద్ధతిలో ఇన్‌స్టాల్ చేసిన విండోస్ సర్వర్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే లెక్క వేరుగా కనిపిస్తుంది. మొత్తం సుమారు 2,794 జీబీ అని చూపిస్తుంది. అందులో 2,048 జీబీ వరకే పార్టిషన్ చేసుకోనిస్తుంది. మిగతా 746 జీబీ 'అన్‌అలొకేటెడ్' అనే పేరుతో అలాగే ఉండిపోతుంది.

డిస్కుల్లో లోపం లేదు. రెయిడ్ కార్డులోనూ లోపం లేదు. అడ్డుపడుతున్నది డిస్కు మొదట్లో ఉండే 64 బైట్ల పట్టిక.

ఈ పట్టికను కొత్త పద్ధతిలోకి మార్చడానికి పట్టే సమయం నిమిషం కూడా ఉండదు. డేటా మాత్రమే ఉన్న డిస్కయితే పని అక్కడితో దాదాపు అయిపోతుంది. కానీ సర్వర్ ఏ డిస్కు నుంచి మొదలవుతుందో ఆ డిస్కునే మారిస్తే, రీస్టార్ట్ తర్వాత నల్లటి తెర మీద కర్సర్ మాత్రమే కనిపించే ప్రమాదం ఉంది. అలా ఎందుకు జరుగుతుంది, జరగకుండా ఏం చేయాలి, అసలు మార్చాల్సిన అవసరం ఎవరికి ఉంది?

ఎంబీఆర్ అంటే ఏమిటి?

ఎంబీఆర్ అంటే మాస్టర్ బూట్ రికార్డ్. 1983లో ఐబీఎం పీసీ ఎక్స్‌టీ కంప్యూటర్‌తోపాటు వచ్చిన పీసీ డాస్ 2.0తో ఇది వాడుకలోకి వచ్చింది. అప్పట్లో ఆ కంప్యూటర్‌లో ఉన్న హార్డ్ డిస్కు సామర్థ్యం 10 ఎంబీ.

డిస్కును సెక్టార్లుగా విభజిస్తారు. ఒక్కో సెక్టార్ 512 బైట్లు. అందులో మొట్టమొదటిదే ఎంబీఆర్. దానిలో మొదటి 446 బైట్లు కంప్యూటర్‌ను మొదలుపెట్టే చిన్న ప్రోగ్రామ్‌కు, తర్వాతి 64 బైట్లు పార్టిషన్ల పట్టికకు, చివరి 2 బైట్లు 'ఇది ఎంబీఆర్' అని చెప్పే గుర్తుకు కేటాయించారు.

ఆ 64 బైట్లలో 16 బైట్ల చొప్పున నాలుగు వరుసలు ఉంటాయి. అందుకే ఎంబీఆర్‌లో నాలుగు ప్రైమరీ పార్టిషన్లే సాధ్యం. అంతకంటే ఎక్కువ కావాలంటే వాటిలో ఒకదాన్ని ఎక్స్‌టెండెడ్‌గా చేసి, దాని లోపల లాజికల్ పార్టిషన్లు పెట్టుకోవాలి.

2 టెరాబైట్ల హద్దు కూడా ఇక్కడి నుంచే వచ్చింది. పార్టిషన్ ఏ సెక్టార్‌లో మొదలవుతుంది, ఎన్ని సెక్టార్లు ఉంటుంది అనే రెండు అంకెలకూ చెరో 4 బైట్లు ఇచ్చారు. 4 బైట్లంటే 32 బిట్లు. 32 బిట్లతో లెక్కపెట్టగలిగేది సుమారు 429 కోట్ల సెక్టార్లు. దాన్ని 512తో గుణిస్తే 2,19,902 కోట్ల బైట్లు వస్తుంది. కంప్యూటర్ లెక్కలో ఇది 2,048 జీబీ. డిస్కుల తయారీదారులు అట్టపెట్టె మీద వేసే లెక్కలో 2.2 టీబీ. కాబట్టి మార్కెట్‌లో '2 టీబీ' అని అమ్మే డిస్కు ఎంబీఆర్‌లో పూర్తిగా ఇముడుతుంది. '3 టీబీ' అని అమ్మేది ఇమడదు.

ఎంబీఆర్‌కు ఇంకో బలహీనత ఉంది. ఈ పట్టికకు నకలు లేదు. ఆ ఒక్క సెక్టార్ పాడైతే డిస్కులో డేటా అంతా భద్రంగా ఉన్నా, ఏ పార్టిషన్ ఎక్కడుందో చెప్పేవారుండరు.

జీపీటీలో ఏం మారింది?

జీపీటీలో తొలి అక్షరం జీయూఐడీని సూచిస్తుంది. జీయూఐడీ అంటే ప్రతి పార్టిషన్‌కూ విడిగా ఇచ్చే 128 బిట్ల గుర్తింపు సంఖ్య. 1990ల చివర్లో ఇటానియం ప్రాసెసర్ల కోసం ఇంటెల్ బయోస్‌కు ప్రత్యామ్నాయంగా ఈఎఫ్‌ఐని తయారుచేసింది. దానిలో భాగంగానే జీపీటీ వచ్చింది. 2005లో ఏర్పడిన యూఈఎఫ్‌ఐ ఫోరమ్ ఇప్పుడు దీని ప్రమాణాలను చూస్తోంది.

512 బైట్ల సెక్టార్లున్న డిస్కులో జీపీటీ అమరిక ఇలా ఉంటుంది.

సెక్టార్ 0: పాత ప్రోగ్రామ్‌లు డిస్కు ఖాళీగా ఉందని పొరబడి చెరిపేయకుండా పెట్టే రక్షణ ఎంబీఆర్. డిస్కంతా ఒకే పార్టిషన్ అన్నట్లు చూపించడమే దీని పని.

సెక్టార్ 1: జీపీటీ హెడర్.

సెక్టార్ 2 నుంచి 33 వరకు: 128 పార్టిషన్ల వివరాలు, ఒక్కోదానికి 128 బైట్లు.

డిస్కు చివరి 33 సెక్టార్లు: ఈ హెడర్, వివరాల నకలు.

సెక్టార్ సంఖ్యలకు 32 బిట్ల బదులు 64 బిట్లు ఇవ్వడంతో ఇప్పుడున్న డిస్కులకు పరిమాణం సమస్యే కాదు. పట్టిక చెడిపోయిందో లేదో సీఆర్‌సీ32 అనే లెక్కతో తెలుసుకోవచ్చు. మొదటిది చెడితే చివర్లో ఉన్న నకలు నుంచి తిరిగి రాయవచ్చు.

బూట్ డిస్కుతోనే ఇబ్బంది ఎందుకు?

సర్వర్ ఆన్ చేయగానే ఆపరేటింగ్ సిస్టమ్ రాదు. దాని కంటే ముందు ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి పని మారుతూ వస్తుంది. పాత బయోస్ పద్ధతిలో మదర్‌బోర్డు సెక్టార్ 0లోని 446 బైట్ల ప్రోగ్రామ్‌ను చదివి నడిపిస్తుంది. తర్వాత ఏం చేయాలో ఆ ప్రోగ్రామ్ చూసుకుంటుంది.

విండోస్‌లో ఆ ప్రోగ్రామ్ పట్టికలో 'యాక్టివ్' అని గుర్తుపెట్టిన పార్టిషన్‌ను వెతుకుతుంది. జీపీటీకి మార్చిన డిస్కులో సెక్టార్ 0లో ఉన్నది రక్షణ పట్టిక మాత్రమే. అందులో అలాంటి పార్టిషన్ ఉండదు. దారి అక్కడే తెగిపోతుంది.

లినక్స్‌లో గ్రబ్ బూట్‌లోడర్ ఇంకాస్త ఇరుకైన చోట ఉంటుంది. 446 బైట్లలో అది మొత్తం పట్టదు కాబట్టి మిగతా భాగాన్ని సెక్టార్ 1 నుంచి మొదటి పార్టిషన్ వరకు ఉండే ఖాళీలో దాచుకుంటుంది. జీపీటీ హెడర్ రాసేది కూడా సెక్టార్ 1లోనే. అంటే మార్పిడి సాధనం తన పని తాను సరిగ్గా చేసినా, అదే చర్యలో గ్రబ్‌లోని ఒక భాగాన్ని చెరిపేస్తుంది. ఫైళ్లన్నీ ఉంటాయి, సర్వర్ మాత్రం లేవదు.

యూఈఎఫ్‌ఐ పద్ధతి వేరు. మదర్‌బోర్డు సెక్టార్ 0లోని ప్రోగ్రామ్‌ను పట్టించుకోదు. ఎఫ్ఏటీ32లో ఫార్మాట్ చేసిన ఈఎఫ్‌ఐ సిస్టమ్ పార్టిషన్ ఎక్కడుందో చూసి, అందులోని బూట్‌లోడర్ ఫైల్‌ను నేరుగా నడిపిస్తుంది. ఎంబీఆర్‌తో నడిచిన సర్వర్‌లో ఆ పార్టిషన్ ఉండదు. దాన్ని కొత్తగా సృష్టించాలి.

అందువల్ల బూట్ డిస్కు మార్పిడి అంటే ఒక పని కాదు, మూడు పనులు. పట్టిక మార్చాలి, బూట్‌లోడర్‌కు కొత్త చోటు చూపించాలి, మదర్‌బోర్డు సెట్టింగ్‌ను దానికి తగ్గట్టు పెట్టాలి. మూడింట్లో ఏ ఒక్కటి వదిలేసినా సర్వర్ మొదలుకాదు.

ఏ జోడీ పనిచేస్తుంది?

విండోస్‌లో రెండే దారులు. బయోస్ అయితే బూట్ డిస్కు ఎంబీఆర్ ఉండాలి. యూఈఎఫ్‌ఐ అయితే జీపీటీ ఉండాలి. బయోస్ మోడ్‌లో జీపీటీ డిస్కు నుంచి విండోస్ మొదలుకాదు.

లినక్స్‌లో కొంత వెసులుబాటు ఉంది. బయోస్ మోడ్‌లోనూ జీపీటీ డిస్కు నుంచి మొదలుపెట్టవచ్చు. గ్రబ్‌కు 'బయోస్ బూట్ పార్టిషన్' అనే చిన్న పార్టిషన్ ఇస్తే చాలు. 1 ఎంబీ లోపు సరిపోతుంది. యూఈఎఫ్‌ఐ లేని పాత సర్వర్లకు ఇదే దారి. ఉదాహరణకు హెచ్‌పీ ప్రోలయంట్ జెన్8లో ఎక్కువ మోడళ్లకు బయోస్ మాత్రమే ఉంది. జెన్9 నుంచి రెండు మోడ్‌లూ వచ్చాయి.

ఇప్పుడు ఈ అవసరం ఎందుకు పెరిగింది?

మొదటి కారణం డేటా. భారత కంప్యూటర్ ఎమర్జెన్సీ రెస్పాన్స్ టీమ్, అంటే సెర్ట్-ఇన్, 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు తమ కంప్యూటర్ వ్యవస్థల లాగ్‌లను 180 రోజులపాటు భద్రపరచాలి. కంపెనీల ఖాతాల నిబంధనలకు 2022 ఆగస్టులో చేసిన సవరణతో ఎలక్ట్రానిక్ ఖాతాల బ్యాకప్‌ను భారత్‌లో ఉన్న సర్వర్‌లో రోజూ పెట్టడం తప్పనిసరైంది. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎవరు ఏ ఎంట్రీ మార్చారో చూపే ఆడిట్ ట్రైల్ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. కంపెనీల చట్టం ఖాతా పుస్తకాలను ఎనిమిదేళ్లు ఉంచాలంటోంది. ఇవన్నీ డిస్కు మీదే ఉండాలి. హైదరాబాద్, విజయవాడల్లో ఒకే సర్వర్‌తో నడిచే ఆడిట్ ఆఫీసుకైనా, టోకు వ్యాపారికైనా 2 టీబీ ఒకప్పటిలా పెద్ద అంకె కాదు.

రెండో కారణం ఆపరేటింగ్ సిస్టమ్‌ల గడువు. విండోస్ సర్వర్ 2012, 2012 ఆర్2లకు సాధారణ మద్దతు 2023 అక్టోబరు 10తో ముగిసింది. సెంటాస్ 7కు 2024 జూన్ 30 ఆఖరి రోజు. విండోస్ సర్వర్ 2016 గడువు 2027 జనవరి 12.

మూడోది హార్డ్‌వేర్. యూఈఎఫ్‌ఐ బోర్డుల్లో పాత బయోస్‌ను అనుకరించే భాగాన్ని సీఎస్‌ఎం అంటారు. 2020 నాటికి దీన్ని తీసేయాలన్న లక్ష్యాన్ని ఇంటెల్ 2017లో ప్రకటించింది. సీఎస్‌ఎం లేని కొత్త బోర్డుకు ఎంబీఆర్‌తో నడిచిన పాత విండోస్ డిస్కును తీసుకెళ్లి తగిలిస్తే అది మొదలుకాదు. పాత సర్వర్ అర్ధరాత్రి ఆగిపోయినప్పుడు ఈ సంగతి బయటపడితే, తాపీగా చేసుకోవాల్సిన పనిని హడావుడిలో చేయాల్సి వస్తుంది.

మార్చకపోవడమే మంచిదైన సందర్భాలు

స్థలం చాలడం లేదన్నదే సమస్య అయితే బూట్ డిస్కును ముట్టుకోనక్కర్లేదు. డేటా కోసం వేరే డిస్కు పెట్టి, దాన్ని మాత్రమే జీపీటీలో సిద్ధం చేయవచ్చు. బయోస్‌తో నడిచే సర్వర్ కూడా జీపీటీ డేటా డిస్కును మామూలుగానే చదువుతుంది. దాని నుంచి బూట్ చేయడమే ప్రశ్న.

చాలా రెయిడ్ కార్డులు ఒకే డిస్కుల సమూహం నుంచి రెండు వర్చువల్ డిస్కులు చేయనిస్తాయి. కొత్తగా అమర్చేటప్పుడు చిన్నదాన్ని సిస్టమ్‌కు, పెద్దదాన్ని డేటాకు ఇస్తే ఈ సమస్య తలెత్తదు.

ఆపరేటింగ్ సిస్టమ్ గడువే ముగిసిపోయి ఉంటే దాన్ని అలాగే ఉంచి పట్టిక మార్చడం శ్రమ దండగ. యూఈఎఫ్‌ఐ మోడ్‌లో కొత్త సిస్టమ్ ఇన్‌స్టాల్ చేసి, డేటాను అందులోకి తెచ్చుకుంటే రెండు పనులూ ఒకేసారి అవుతాయి.

అలా కాకుండా అదే సిస్టమ్‌ను కొనసాగించాలి, బూట్ డిస్కే 2 టీబీ దాటింది, లేదా సర్వర్‌ను యూఈఎఫ్‌ఐ మాత్రమే ఉన్న బోర్డుకు తరలించాలి అన్నప్పుడు మార్పిడి తప్పదు.

ముందుగా చూసుకోవాల్సినవి

బ్యాకప్ ఉందా అన్నది సగం ప్రశ్నే. దాని నుంచి తిరిగి తెచ్చి చూశారా అన్నది మిగతా సగం. మొత్తం డిస్కు ఇమేజ్‌ను వేరే డిస్కు మీదకు తీసి, దాన్ని వర్చువల్ మెషీన్‌లో మొదలుపెట్టి చూడటం నమ్మదగిన పరీక్ష. సర్వర్‌లోనే ఉన్న ఇంకో పార్టిషన్‌లో పెట్టినది ఈ పనికి బ్యాకప్ కాదు. డేటాబేస్ సేవలు ఆపి, వాడేవారు లేని సమయంలోనే చివరి ఇమేజ్ తీయాలి.

కొత్త డిస్కు కొనగలిగితే అంతకంటే మంచి పద్ధతి ఉంది. కొత్త డిస్కును జీపీటీలో సిద్ధం చేసి, పాతదాన్ని దాని మీదకు నకలు తీసి, మార్పులన్నీ కొత్తదాని మీదే చేయాలి. పాత డిస్కును విప్పి పక్కన పెట్టాలి. ఏదైనా తేడా వస్తే దాన్ని తిరిగి బిగించి, మోడ్‌ను బయోస్‌కు మారిస్తే ఉదయానికి ఆఫీసు యథావిధిగా నడుస్తుంది.

ఇవి కాక మరికొన్ని తనిఖీలు అవసరం.

మదర్‌బోర్డుకు యూఈఎఫ్‌ఐ ఉందా? రెయిడ్ కార్డు కూడా యూఈఎఫ్‌ఐలో పనిచేస్తుందా? బోర్డు కొత్తదై, కార్డు పాతదైతే యూఈఎఫ్‌ఐ మోడ్‌లో డిస్కులే కనిపించకపోవచ్చు. మోడ్ మార్చి, యూఎస్‌బీ నుంచి మొదలుపెట్టి, డిస్కు కనిపిస్తోందో లేదో చూసి వెనక్కి వస్తే సరిపోతుంది. దీనివల్ల డిస్కులో ఏమీ మారదు.

డిస్కు చివర 33 సెక్టార్లు ఖాళీగా ఉన్నాయా? ఆఖరి పార్టిషన్ డిస్కు అంచు దాకా ఉంటే దాన్ని కొంచెం తగ్గించాలి. ఎన్‌టీఎఫ్‌ఎస్, ఈఎక్స్‌టీ4లను తగ్గించవచ్చు. రెడ్‌హ్యాట్ 7 కుటుంబంలో డిఫాల్ట్‌గా వచ్చిన ఎక్స్‌ఎఫ్‌ఎస్‌ను అలా తగ్గించడం కుదరదు. అక్కడ కొత్త డిస్కు మీదకు నకలు తీయడమే మార్గం.

సర్వర్ డేటా సెంటర్‌లో ఉంటే ఐలో, ఐడ్రాక్ వంటి రిమోట్ కన్సోల్ పనిచేస్తోందా? ఆపరేటింగ్ సిస్టమ్ లేవనప్పుడు రిమోట్ డెస్క్‌టాప్, ఎస్‌ఎస్‌హెచ్ రెండూ ఉండవు.

విండోస్ సర్వర్‌లో మార్పిడి

మైక్రోసాఫ్ట్ ఇచ్చిన సాధనం పేరు ఎంబీఆర్2జీపీటీ. 2017లో విండోస్ 10 వెర్షన్ 1703తో వచ్చింది. సర్వర్ వైపు 2019, ఆ తర్వాతి వెర్షన్లలో ఉంది. 2016లో లేదు. అక్కడ ముందు సిస్టమ్‌ను 2019కి గానీ 2022కి గానీ అప్‌గ్రేడ్ చేసి, తర్వాత మార్చుకోవాలి.

ఇది పని మొదలుపెట్టే ముందు కొన్ని షరతులు చూస్తుంది. డిస్కులో మూడుకు మించి ప్రైమరీ పార్టిషన్లు ఉండకూడదు. ఎక్స్‌టెండెడ్, లాజికల్ పార్టిషన్లు అసలే ఉండకూడదు. ఒక పార్టిషన్ యాక్టివ్‌గా ఉండాలి. బూట్ సమాచారం విండోస్ ఉన్న పార్టిషన్‌నే చూపుతూ ఉండాలి. సాఫ్ట్‌వేర్ మిర్రర్ కోసం డైనమిక్ డిస్కుగా మార్చి ఉంటే ఈ సాధనం పనిచేయదు.

క్రమం ఇది:

1. బిట్‌లాకర్ ఉంటే తాత్కాలికంగా ఆపాలి. రికవరీ కీ సర్వర్ బయట రాసి ఉంచుకోవాలి.

2. అడ్మినిస్ట్రేటర్ హక్కులతో కమాండ్ విండో తెరిచి, ఎంబీఆర్2జీపీటీని 'వ్యాలిడేట్' ఆప్షన్‌తో నడపాలి. నడుస్తున్న విండోస్ నుంచే చేస్తుంటే 'అలౌఫుల్ఓఎస్' అనే ఆప్షన్‌నూ జోడించాలి. డిస్కు నంబరు సరైనదో కాదో ఇక్కడే చూసుకోవాలి. ఈ దశలో డిస్కులో ఏమీ రాయదు.

3. వ్యాలిడేషన్ సఫలమైతేనే 'కన్వర్ట్' ఆప్షన్‌తో నడపాలి. ఈఎఫ్‌ఐ సిస్టమ్ పార్టిషన్ కోసం అవసరమైతే సాధనం విండోస్ పార్టిషన్‌ను తగ్గించి 100 ఎంబీ తీసుకుంటుంది. 4కే సెక్టార్ల డిస్కులో 260 ఎంబీ తీసుకుంటుంది.

4. రీస్టార్ట్ చేసి, విండోస్ లోడ్ కాకముందే ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి బూట్ మోడ్‌ను యూఈఎఫ్‌ఐకి మార్చాలి. ఈ అడుగు మరిచిపోవడం వల్లే చాలామంది మార్పిడి విఫలమైందని అనుకుంటారు.

5. విండోస్ వచ్చాక బిట్‌లాకర్‌ను తిరిగి మొదలుపెట్టాలి. రీఏజెంట్‌సీ కమాండ్‌తో రికవరీ ఎన్విరాన్‌మెంట్ ఎనేబుల్ అయి ఉందో లేదో చూడాలి.

లినక్స్‌లో మార్పిడి

ఇక్కడ ఎక్కువగా వాడేది జీడిస్క్. ఎంబీఆర్ డిస్కును దీనితో తెరిస్తే పట్టికను మెమరీలోనే జీపీటీగా మార్చి చూపిస్తుంది. రాయమని చెప్పేదాకా డిస్కులో ఏ మార్పూ ఉండదు. అనుమానం వస్తే రాయకుండా బయటికి రావచ్చు.

రెస్క్యూ యూఎస్‌బీ నుంచి మొదలుపెట్టి ఈ పని చేయడం మంచిది. ముందుగా డిస్కులోని మొదటి 2,048 సెక్టార్లను డీడీ కమాండ్‌తోనూ, పార్టిషన్ల వివరాలను ఎస్‌ఎఫ్‌డిస్క్ డంప్‌తోనూ తీసి వేరే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవాలి.

బయోస్‌లోనే కొనసాగాలంటే: ఇటీవలి డిస్కుల్లో మొదటి పార్టిషన్ సెక్టార్ 2,048 దగ్గర మొదలవుతుంది. జీపీటీ 33 దాకా వాడుకుంటుంది. 34 నుంచి 2,047 వరకు 1,007 కేబీ ఖాళీ ఉంటుంది. అక్కడ ఈఎఫ్02 రకం పార్టిషన్ చేసి, పట్టిక రాసి, అసలు సిస్టమ్‌లోకి చ్‌రూట్ ద్వారా వెళ్లి గ్రబ్‌ను ఆ డిస్కు మీద మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి. గ్రబ్ కాన్ఫిగరేషన్ ఫైల్‌నూ మళ్లీ తయారుచేయాలి. మరీ పాత డిస్కుల్లో మొదటి పార్టిషన్ సెక్టార్ 63లోనే మొదలవుతుంది. అక్కడ మిగిలేది 14.5 కేబీ మాత్రమే. గ్రబ్‌కు అది చాలదు, వేరేచోట స్థలం చూడాలి.

కొన్ని పాత బయోస్‌లు రక్షణ ఎంబీఆర్‌లో యాక్టివ్ గుర్తు కనిపించకపోతే డిస్కు నుంచి మొదలుపెట్టవు. అన్నీ సరిగ్గా చేసినా బూట్ కాకపోతే ఈ గుర్తు పెట్టి చూడాలి.

యూఈఎఫ్‌ఐకి మారాలంటే: ఈఎఫ్‌ఐ సిస్టమ్ పార్టిషన్‌కు స్థలం కావాలి. విడిగా స్వాప్ పార్టిషన్ ఉంటే దాన్ని తీసేసి, ఆ చోటును ఈఎఫ్00 రకంగా మార్చి ఎఫ్ఏటీ32లో ఫార్మాట్ చేయడం సులువైన ఉపాయం. స్వాప్‌ను తర్వాత ఫైల్‌గా పెట్టుకోవచ్చు. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో పాత స్వాప్ వరుస తీసేసి, కొత్త పార్టిషన్‌ను బూట్ కింద ఈఎఫ్‌ఐ డైరెక్టరీకి మౌంట్ అయ్యేలా రాయాలి.

తర్వాత యూఈఎఫ్‌ఐకి చెందిన గ్రబ్‌ను ఇన్‌స్టాల్ చేయాలి. డెబియన్, ఉబుంటులలో ఈఎఫ్‌ఐ గ్రబ్ ప్యాకేజీ పెట్టి గ్రబ్-ఇన్‌స్టాల్ నడిపితే చాలు. రెడ్‌హ్యాట్ కుటుంబంలో గ్రబ్, షిమ్ ఈఎఫ్‌ఐ ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేయడమే సరైన పద్ధతి.

చాలామంది పొరపాటు పడేది ఒక చోట ఉంది. రెస్క్యూ యూఎస్‌బీ కూడా యూఈఎఫ్‌ఐ మోడ్‌లోనే మొదలై ఉండాలి. బయోస్ మోడ్‌లో మొదలైతే మదర్‌బోర్డు మెమరీలో కొత్త బూట్ ఎంట్రీ రాయడం కుదరదు. సిస్ డైరెక్టరీలో ఫర్మ్‌వేర్ కింద ఈఎఫ్‌ఐ అనే ఫోల్డర్ ఉంటే యూఈఎఫ్‌ఐలో ఉన్నట్టు. లేకపోతే రీస్టార్ట్ చేసి యూఎస్‌బీని సరైన మోడ్‌లో ఎంచుకోవాలి.

ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఫైల్ సిస్టమ్ యూయూఐడీతో రాసిన వరుసలు మారకుండా పనిచేస్తాయి. పార్ట్‌యూయూఐడీతో రాసినవి పనిచేయవు. ఎందుకంటే జీపీటీ ప్రతి పార్టిషన్‌కూ కొత్త గుర్తింపు ఇస్తుంది.

సాఫ్ట్‌వేర్ రెయిడ్, వర్చువల్ మెషీన్లు

రెండు డిస్కులను లినక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్-1లో పెడితే ఒకటి పోయినా సర్వర్ నడుస్తుంది. కానీ ఫర్మ్‌వేర్‌కు ఆ రెయిడ్ గురించి తెలియదు. ఈఎఫ్‌ఐ సిస్టమ్ పార్టిషన్ ఒక్క డిస్కులోనే ఉంటే, ఆ డిస్కు పోయిన రోజు డేటా ఉన్నా సర్వర్ మొదలుకాదు. రెండు డిస్కుల్లోనూ ఆ పార్టిషన్ పెట్టి, రెండింటికీ బూట్ ఎంట్రీ ఇవ్వాలి. గ్రబ్ అప్‌డేట్ అయినప్పుడు రెండోదానిలోకీ కాపీ చేయాలి.

హైపర్-వీలో జనరేషన్ 1 వర్చువల్ మెషీన్లు బయోస్‌తో, జనరేషన్ 2వి యూఈఎఫ్‌ఐతో నడుస్తాయి. ఒకసారి చేశాక జనరేషన్ మార్చలేం. లోపలి డిస్కును జీపీటీకి మార్చి, కొత్తగా జనరేషన్ 2 మెషీన్ సృష్టించి, దానికి ఆ డిస్కు జోడించాలి. పాత వీహెచ్‌డీ ఫార్మాట్‌ను జనరేషన్ 2 తీసుకోదు కాబట్టి ముందు వీహెచ్‌డీఎక్స్‌కు మార్చుకోవాలి. వర్చువల్ డిస్కు ఫైల్‌ను కాపీ చేసి ఆ కాపీ మీద ప్రయత్నించే అవకాశం ఉండటం ఇక్కడున్న పెద్ద సౌలభ్యం.

బూట్ కాకపోతే?

వెంటనే ఫార్మాట్ చేయడం, కొత్తగా ఇన్‌స్టాల్ చేయడం తగదు. పట్టిక మార్పిడి ఫైళ్ల జోలికి వెళ్లదు కాబట్టి డేటా సాధారణంగా అలాగే ఉంటుంది. మొదట బూట్ మోడ్ చూడాలి. తర్వాత రెస్క్యూ యూఎస్‌బీతో మొదలుపెట్టి పార్టిషన్లు కనిపిస్తున్నాయో లేదో చూడాలి. అవి కనిపిస్తే బూట్‌లోడర్ పని మాత్రమే మిగిలిందని అర్థం.

వెనక్కి రావాలనుకుంటే జీడిస్క్‌లోని రికవరీ మెనూ జీపీటీని తిరిగి ఎంబీఆర్‌గా మార్చగలదు. పార్టిషన్ల పరిమాణం మార్చకుండా, లాజికల్ పార్టిషన్లు లేకుండా ఉంటే ముందు దాచిన 2,048 సెక్టార్లను తిరిగి రాయడం కూడా సరిపోతుంది. అప్పుడు డిస్కు చివర్లో మిగిలిన జీపీటీ నకలును చెరిపేయాలి. లేకపోతే కొన్ని సాధనాలు ఆ డిస్కును ఇంకా జీపీటీగానే అనుకుంటాయి.

సర్వర్ సరిగ్గా మొదలయ్యాక కూడా పని పూర్తయినట్టు కాదు. కరెంటు పోయి వచ్చినట్టుగా పూర్తిగా ఆపి ఒకసారి, మామూలుగా ఒకసారి రీస్టార్ట్ చేసి చూడాలి. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ కొత్త ఈఎఫ్‌ఐ పార్టిషన్‌నూ తీసుకుంటోందో లేదో చూడాలి. పాత జాబితా ప్రకారమే బ్యాకప్ నడుస్తుంటే, తర్వాత ఎప్పుడో అవసరం పడిన రోజు తిరిగి తెచ్చిన సర్వర్‌కు బూట్‌లోడరే ఉండదు.

సెక్యూర్ బూట్‌ను అన్నీ కుదురుకున్నాకే ఆన్ చేయడం మేలు. 2011లో జారీ అయిన మైక్రోసాఫ్ట్ సెక్యూర్ బూట్ సర్టిఫికెట్ల గడువు 2026 జూన్ నుంచి ముగుస్తుంది. కాబట్టి దాన్ని ఆన్ చేసే ముందు ఫర్మ్‌వేర్, ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్లు పెట్టుకోవాలి.

చివరగా ఒక చిన్న పని. ఏ మోడ్, ఏ పార్టిషన్ ఎక్కడ, రికవరీ కీ ఎక్కడ ఉందో ఒక కాగితం మీద రాసి సర్వర్ పక్కన కాకుండా ఆఫీసు ఫైల్‌లో పెట్టాలి. చిన్న ఆఫీసుల్లో సర్వర్ గురించి తెలిసింది తరచూ ఒక్కరికే. ఆ ఒక్కరూ సెలవులో ఉన్న రోజున సర్వర్ ఆగితే, మిగతావారికి ఆ కాగితమే ఆధారం.